రెక్కల్లో పోసిన నీళ్ళు రెండు వైపులా సమానమేనా? గ్లైడర్ బ్యాలస్ట్ కొలత గురించి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా తిరిగి చెబుతాను, ఎందుకంటే జవాబులో సగం అందులోనే ఉంది. మీరు సిరొంచ నుంచి చదువు కోసం జర్మనీ వెళ్ళి అక్కడి గ్లైడింగ్ క్లబ్బులో చేరారు. 15 మీటర్ల రెక్కల గ్లైడరులో, అంటే ఇంజిను లేని విమానంలో, బ్యాలస్ట్ నీళ్ళు (వేగం పెంచడానికి రెక్కల ట్యాంకుల్లో మోసే బరువు) నింపే పని మీకు అప్పగించారు. హ్యాంగరు గోడకున్న నల్లాకు నీటి మీటరు బిగించి, దానికి 25 మీటర్ల ముప్పావు అంగుళం పైపు తగిలించి, ముందు ఎడమ రెక్కలో 75 లీటర్లు, తరువాత కుడి రెక్కలో 75 లీటర్లు పోశారు. పైపులో మిగిలిన నీళ్ళు వృథా కాకూడదని చివర్లో దాన్ని ఎత్తి కుడి రెక్కలోకే ఒంపేశారు. గ్లైడరును సమంగా నిలబెట్టి వదలగానే కుడి రెక్క నేలకు వాలింది. రెండు మూడు సార్లు ఎత్తి చూసినా అటే వాలింది. మీటరు పాడైందా, రెక్కలో లోపం ఉందా, అసలు ఈ నీళ్ళను ఎలా కొలవాలి అని అడిగారు.

మీ మీటరు పాడయిందని నేను అనుకోను. అది తన గుండా పోయిన నీళ్ళను దాదాపు సరిగ్గానే లెక్కపెట్టింది. మీరు తెలుసుకోవలసినది రెక్కలో నిలిచిన నీళ్ళ సంగతి. ఆ రెండింటికీ మధ్య 25 మీటర్ల పైపు ఉంది, తేడా అంతా అందులోనే దాక్కుంది.

ముప్పావు అంగుళం పైపు లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మీటరు పొడవు పైపులో 0.28 లీటర్ల నీళ్ళు పడతాయి, 25 మీటర్లలో సుమారు 7 లీటర్లు. మీరు నల్లా తిప్పేటప్పటికి పైపు ఖాళీగా ఉంది. మీటరు నల్లా దగ్గర ఉంది కాబట్టి పైపును నింపిన 7 లీటర్లు కూడా ఎడమ రెక్క ఖాతాలో పడ్డాయి. మీటరు 75 చూపినప్పుడు ఎడమ రెక్కకు చేరినవి 68. తరువాత నిండిన పైపునే కుడి వైపుకు తెచ్చారు, కాబట్టి కుడి రెక్కకు 75 సరిగ్గా చేరాయి. ఆపైన పైపులోని 7 లీటర్లు కూడా అందులోకే ఒంపారు, 82 అయ్యాయి. వృథా చేయకూడదన్న మంచి బుద్ధితోనే 7 లీటర్ల తేడాను 14 చేశారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, ఈ పని కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి మొదటి రోజు జరిగేది ఇదే.

నా సంగతి ఒక్క మాటలో చెబుతాను, ఈ మాటలు ఎవరు చెబుతున్నారో మీకు తెలియాలి కదా. బల్లార్షా ప్రాంతంలో కాగితం తయారీలో ఇన్‌స్ట్రుమెంట్ పనిలో చాలా ఏళ్ళు గడిపాను. ఫ్లో మీటర్లు విప్పడం, బిగించడం, వాటి తప్పులు పట్టుకోవడం నాకు తిండి పెట్టిన పని. గ్లైడింగ్ పుణె దగ్గర హడప్సర్‌లోని గ్లైడింగ్ సెంటర్‌లో నేర్చుకున్నాను. అక్కడ మేము నేర్చుకున్న రోహిణి వంటి శిక్షణ గ్లైడర్లకు నీళ్ళ ట్యాంకులు ఉండేవి కావు, కాబట్టి ఈ విద్య ఆలస్యంగా, ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అక్కడి క్లబ్బుల్లో నేల పని చేస్తూ అబ్బింది.

మీటరు గురించి ఇంకొక మాట. మా చంద్రపూర్ వైపు వేసవిలో నల్లా నీళ్ళు వేళకే వస్తాయి. నీళ్ళు రావడానికి ముందు నల్లా బుస్సుమని గాలి వదులుతుంది, ఆ గాలికే ఇంటి మీటరు ముల్లు గిరగిరా తిరుగుతుంది, బిందెలో చుక్క పడకముందే లీటర్లు లెక్కకు ఎక్కుతాయి. లోపల చక్రం తిరిగే ప్రతి మీటరుకూ ఈ గుణం ఉంది. దాన్ని తిప్పింది నీళ్ళా, గాలా అన్నది దానికి తెలియదు. అందువల్ల మీటరును పైపు చివర, రెక్క దగ్గర పెట్టుకున్నా మీ కష్టం పూర్తిగా తీరదు. ఖాళీ పైపులోని గాలి ముందుగా దాని గుండానే పోతుంది.

దీనికి మందు చాలా తేలిక. మొదలుపెట్టేటప్పుడు పైపు నిండుగా ఉండాలి, ఆపేటప్పుడూ నిండుగానే ఉండాలి. పైపు చివర ఒక చేతి వాల్వు బిగించండి. నల్లా తెరిచి, బకెట్టులోకి గాలి బుడగలు లేకుండా సన్నగా, గాజు కడ్డీలా నీళ్ళు పడేవరకు వదిలి, చివరి వాల్వు మూసి, అప్పుడు మీటరు అంకె రాసుకోండి. ఆ తరువాత నల్లాను ముట్టుకోకుండా చివరి వాల్వుతోనే తెరవడం, మూయడం చేయండి. పని అయిపోయాక పైపులో మిగిలిన నీళ్ళు గడ్డి మీద పోయనివ్వండి, రెక్కలో వద్దు.

ఇంటి మీటర్ల కచ్చితత్వం గురించి చాలామందికి అతి నమ్మకమో అతి అనుమానమో ఉంటుంది. మన దేశంలో ఐఎస్ 779 ప్రమాణం ప్రకారం ప్రవాహం బాగా ఉన్నప్పుడు తప్పు 2 శాతం లోపల, ప్రవాహం సన్నగా ఉన్నప్పుడు 5 శాతం లోపల ఉండాలి. 150 లీటర్ల మీద 2 శాతం అంటే 3 కిలోలు, దాన్ని పట్టించుకోనక్కరలేదు. 5 శాతం అంటే 7.5 కిలోలు, గ్లైడరు గరిష్ఠ బరువుకు దగ్గరగా ఉన్న రోజున అది పట్టించుకోవలసిన అంకె. అయితే మీటరు తప్పు ఏదైనా, ఒకే మీటరుతో, ఒకే వేగంతో రెండు రెక్కలూ నింపితే ఆ తప్పు రెండు వైపులా ఒకేలా పడుతుంది. మొత్తం కాస్త తప్పవచ్చు గాని తూకం చెడదు. తొందరపడి రెండు పైపులు, రెండు మీటర్లు పెట్టి ఇద్దరు మనుషులు చెరో వైపు నింపితే ఈ రక్షణ పోతుంది.

ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. ఒక క్లబ్బులో మధ్యాహ్నం ఎండలో, ఎగరడానికి నిలబడిన గ్లైడర్ల వరుస ముందుకు జరుగుతోందని తొందరపడి నేనూ మరొకరూ చెరో పైపుతో చెరో రెక్క నింపాము. రెండు మీటర్లూ 80 చూపాయి. రెక్క కొన పట్టుకున్న కుర్రవాడు ఇది కొంచెం బరువుగా ఉందండీ అన్నాడు. గాలి వల్ల అనుకుని నేను కొట్టిపారేశాను. ముందున్న విమానం తాడుతో గ్లైడరును లాగడం మొదలుపెట్టాక, కుర్రవాడు రెక్క వదిలిన రెండు మూడు సెకన్లకే అది నేలకు వాలి గడ్డిని గీరుకుంది, గ్లైడరు ముక్కు పక్కకు తిరిగింది. పైలట్ వెంటనే తాడు వదిలేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత రెండు రెక్కల నీళ్ళనూ క్యాన్లలోకి దించి, తూచి చూస్తే తేడా 11 కిలోలు. గాలిలో ఉన్న గ్లైడరుకు అది పెద్ద విషయం కాదు, స్టిక్కును కాస్త పక్కకు పట్టుకుంటే సరిపోతుంది. నేల మీద అలా కుదరదు. ఎయిలరాన్ల (గ్లైడరును పక్కకు ఒరిగించడానికి రెక్కల వెనక అంచున కదిలే పలకల) బలం వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వాటికున్న బలంలో 20 కిలోమీటర్ల దగ్గర పదహారో వంతే ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే కొన పట్టుకున్న మనిషి చేయి వదిలేస్తాడు.

ఇక ఎంత పోయాలి అన్న లెక్క. దాన్ని మాన్యువల్ నిర్ణయిస్తుంది, మీ సరదా కాదు. ఉదాహరణకు ఖాళీ గ్లైడరు 258 కిలోలు, పారాచూట్‌తో పైలట్ 88, బ్యాటరీలూ తాగే నీళ్ళూ చిల్లర సామానూ 9 అనుకుందాం. మొత్తం 355 కిలోలు. గరిష్ఠ బరువు 525 అయితే 170 లీటర్లకు చోటుంది. ట్యాంకులు 180 లీటర్లు పట్టినా సరే, 170 దగ్గర ఆపాలి. లావైన పైలట్ కూర్చున్న రోజున ఇంకా తక్కువ. ట్యాంకు నిండింది కాబట్టి సరిపోయింది అనుకోవడం ఇక్కడే తప్పుతుంది, అందుకే ఈ కొలత బాధంతా. రెక్క వైశాల్యం 10.5 చదరపు మీటర్లయితే చదరపు మీటరుకు 34 కిలోలున్న భారం 50కి చేరుతుంది, వేగాలన్నీ బరువుల నిష్పత్తి వర్గమూలం చొప్పున, అంటే సుమారు 22 శాతం పెరుగుతాయి. జారుడు నిష్పత్తి (ఒక మీటరు ఎత్తు దిగేలోగా ముందుకు ఎన్ని మీటర్లు పోతుందన్న లెక్క) దాదాపు మారకుండానే, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర దొరికేది 122 దగ్గర దొరుకుతుంది. పోటీల్లో అందరూ నీళ్ళ వెంట పడేది దీనికోసమే. కానీ స్టాల్ వేగం, అంటే రెక్కలు గ్లైడరును మోయగల కనీస వేగం, కూడా అంతే పెరుగుతుంది, 70 ఉన్నది 85 అవుతుంది. థర్మల్స్ (గ్లైడరును పైకి ఎత్తే వేడి గాలులు) బలహీనంగా ఉన్న రోజున ఆ నీళ్ళు మోయడం దండగ.

మీటరు లేకుండా కొలవడం గురించి కూడా అడిగారు. నా మట్టుకు నాకు మీటరు కంటే డ్రమ్మే ఇష్టం. 200 లీటర్ల ఇనుప డ్రమ్మునో, అదే కొలత ప్లాస్టిక్ డ్రమ్మునో తీసుకోండి. అడుగున ఒక వాల్వు బిగించండి; దాని పక్కనే మరొక చిన్న ముక్కు పెట్టి, దానికి పారదర్శకమైన గొట్టం తగిలించి డ్రమ్ము పక్కగా పైదాకా నిలబెట్టండి. డ్రమ్ములో నీళ్ళు ఎంత ఎత్తున ఉంటే గొట్టంలోనూ అంతే ఎత్తున ఉంటాయి. డ్రమ్ము వ్యాసం సుమారు 57 సెంటీమీటర్లు, కాబట్టి సెంటీమీటరు ఎత్తుకు రెండున్నర లీటర్లు వస్తాయి. కంటితో అర సెంటీమీటరు సులభంగా చదవవచ్చు, అంటే లీటరుంబావు వరకు పట్టుకోవచ్చు. గొట్టం లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. సన్నగొట్టంలో బుడగ ఇరుక్కుంటే అది అబద్ధం చెబుతుంది. రెండు వేళ్ళతో గొట్టాన్ని తట్టి, నీటిమట్టం ఊగి మళ్ళీ అదే చోట నిలిచిందో లేదో చూడండి.

గీతలు స్కేలుతో లెక్కగట్టి గీయవద్దు. డ్రమ్ముకు పొట్ట చుట్టూ గాజుల్లా ఉబ్బులు ఉంటాయి, అడుగు కొంచెం లోపలికి వంగి ఉంటుంది; పైనా కిందా లెక్క ఒకటి కాదు. 10 కిలోల నీళ్ళు తూచి పోయండి, మట్టం నిలిచాక టేపు మీద గీత గీయండి, మళ్ళీ 10 పోయండి, ఇలా 200 దాకా వెళ్ళండి. ఒక సాయంత్రం పని. తూచడానికి సామాను సంచులు వేలాడదీసే డిజిటల్ కాటా చాలు, కానీ దాన్ని ముందు పరీక్షించాలి. మా ఊళ్ళో అయితే కిరాణా కొట్టుకు వెళ్ళి తూనికల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల రాళ్ళు నాలుగు అడిగి తెచ్చి వేలాడదీసి చూస్తాను. మీ దగ్గర అది దొరకకపోతే, సరిచూసిన మరొక కాటా మీద తూచిన బరువును దీనికి వేలాడదీయండి. 20 లీటర్లని రాసి ఉన్న క్యాను అంచుదాకా నింపితే 20 కంటే ఎక్కువే పడుతుందని మరవకండి. క్యాను మీద అచ్చు వేసిన అంకెను నేనెప్పుడూ నమ్మలేదు, నిండు క్యాను తూకం లోంచి ఖాళీ క్యాను తూకం తీసేసిన అంకెనే రాసుకుంటాను.

డ్రమ్ము కింద బల్ల వాలుగా ఉంటే గొట్టం ఉన్న వైపును బట్టి మట్టం ఎక్కువో తక్కువో చూపిస్తుంది. ఎదురెదురుగా రెండు గొట్టాలు పెట్టి సగటు తీసుకుంటే ఆ పీడ వదులుతుంది, లేదా బల్లను సమం చేసుకుంటే సరి.

గడియారం చూసి నింపే పద్ధతి మీ క్లబ్బులో ఉందన్నారు, నిమిషానికి ఇన్ని లీటర్లు అని. అది వదిలేయండి. డ్రమ్ములోంచి నీళ్ళు దిగే వేగం మట్టం ఎత్తు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. రెక్కకు 2 మీటర్ల పైన ఉన్న మట్టం 1.2 మీటర్లకు దిగేసరికి ప్రవాహం 22 శాతం తగ్గిపోతుంది. ముందు నింపిన రెక్కకు ఎక్కువ, తరువాతి దానికి తక్కువ. నల్లాతో అయితే ఇంకా దారుణం, పక్కన ఎవరో కారు కడగడం మొదలుపెడితే మీ లెక్క తలకిందులవుతుంది.

నల్లా పైపును నేరుగా రెక్కకు బిగించవద్దు. మీ సందేశంలో నన్ను కలవరపెట్టిన వాక్యం అదే, పైపు చివర రెక్క కింది వాల్వుకు గట్టిగా మరతో బిగిస్తామని రాశారు. ఒక బార్ ఒత్తిడి అంటే చదరపు మీటరుకు 10 టన్నులు. నల్లాలో 3 బార్లు ఉందనుకోండి, ట్యాంకు నిండి, గాలి బయటికి పోయే రంధ్రం చిన్నదో మూసుకుపోయిందో అయితే, రెక్క పైతొక్కు మీద చదరపు మీటరుకు 30 టన్నుల ఒత్తిడి పడుతుంది. గాజునార రెక్క ఆ బరువుకు కట్టినది కాదు. అతుకు దగ్గర టప్పుమని ఊడుతుంది, లేదా ఊడకుండా లోపల విడిపోయి పైకి ఏమీ కనిపించదు, అది మరీ చెడ్డది. డ్రమ్ము రెక్కకు మీటరున్నర పైన ఉంటే 0.15 బార్ మాత్రమే, అదే చదరపు మీటరుకు టన్నున్నర. అందుకే మాన్యువళ్ళు ఎంత ఎత్తు నుంచి పోయవచ్చో ఒక హద్దు చెబుతాయి, మీ దానిలో ఉన్న హద్దును దాటవద్దు. నల్లాతోనే నింపక తప్పకపోతే రెక్క పైమూత తెరిచి, పైపును రంధ్రంలో వదులుగా పెట్టి, పొంగి బయటికి పోయే దారి ఉంచండి. గాలి రంధ్రాన్ని ప్రతిసారీ కంటితో చూడండి. ఆస్ట్రేలియాలో కందిరీగలు ఆ రంధ్రంలో మట్టి గూళ్ళు కట్టేవి, మీ దగ్గర నిన్నటి టేపు ముక్క ఆ పని చేస్తుంది.

ట్యాంకు నిండింది అన్న మాట కూడా అంత నమ్మకమైనది కాదు. రెక్కలు కొన వైపు కొంచెం పైకి లేచి ఉంటాయి, కాబట్టి గ్లైడరు సమంగా ఉన్నప్పుడు గాలి బయటి చివరకు చేరి రంధ్రం గుండా పోతుంది. అదే కొనను దించి నింపితే నీళ్ళు కొనకు పరుగెత్తి, గాలి మొదలు దగ్గర చిక్కుకుపోతుంది. పైకి నిండినట్టే కనిపిస్తుంది, అయిదు నిమిషాలు ఆగితే గుడగుడమని మట్టం దిగుతుంది. రెక్కలో నీళ్ళ సంచులున్న గ్లైడర్లలో సంచి మడత పడితే ఇదే కథ. అందుకని మాన్యువల్ చెప్పిన భంగిమలో నింపి, కాసేపు ఆగి, మళ్ళీ చూడండి.

ఇప్పుడు తూకం. మనకు కావడి తెలుసు. కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు చేరితే చాలంటారు, కానీ ఆ సామెత పుట్టించినవాడు రన్‌వే చూసి ఉండడు. కావడి మోసేవాడు రెండు కుండలను కొలిచి నింపడు; భుజం మీద పెట్టుకుని, బద్ద ఎటు వాలితే అటు నుంచి ఒక చెంబు ఒలకబోస్తాడు. గ్లైడరుకూ చివరి మాట ఆ భుజానిదే. లీటర్లు ఎలా కొలిచినా సరే, నింపాక రెక్క కొన దగ్గర తూచి చూడనిదే వదలకండి.

ఎలాగంటే, మేస్త్రీలు గోడల మట్టం చూడడానికి వాడే సన్నని నీళ్ళ గొట్టం ఉంటుంది కదా, దాన్ని ఒక కొన నుంచి రెండో కొన దాకా పట్టి రెండు కొనలూ ఒకే ఎత్తున ఉన్నాయని చూసుకోండి. కంటి అంచనా చాలదు. గ్లైడరు ఒకే చక్రం మీద నిలుస్తుంది, దాని బరువు కేంద్రం చక్రానికి పైన ఉంటుంది, కాబట్టి కొంచెం ఒరిగినా ఒరిగిన వైపే బరువు చూపిస్తుంది; పైగా ట్యాంకు సగమే నిండి ఉంటే లోపలి నీళ్ళు కూడా అటే పారతాయి. సమం చేసి రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. తరువాత బరువుగా ఉన్న కొనకు మెత్తని పట్టీ వేసి సామాను కాటాకు తగిలించి, మెల్లగా ఎత్తుతూ కొన కదిలిన క్షణాన అంకె చూడండి. అలాగే మెల్లగా దించుతూ మరొక అంకె చూడండి. టైరు నేలను పట్టుకుని ఉండడం వల్ల ఈ రెండూ ఒకటి కావు. వాటి సగటు తీసుకోండి.

ఆ సగటును లీటర్లలోకి మార్చడం తేలిక. ట్యాంకులోని నీళ్ళ బరువు కేంద్రం గ్లైడరు మధ్యనుంచి రెండున్నర మీటర్ల దూరంలో ఉందనుకుందాం, మీరు పట్టీ వేసిన చోటు 7 మీటర్ల దూరంలో. 7ను 2.5తో భాగిస్తే 2.8. కొన దగ్గర ఒక కిలో చూపితే తేడా 2.8 లీటర్లు. మీ 14 లీటర్ల తేడా అయితే కాటా 5 కిలోలు చూపి ఉండేది. ఎంత ఎత్తినా అటే వాలిందంటే ఆశ్చర్యం లేదు. మీ గ్లైడరుకు ఆ దూరాలు వేరేగా ఉంటాయి కాబట్టి 2.8ను పట్టుకుని కూర్చోకండి. ఒక రెక్కలో తూచిన 5 కిలోల నీళ్ళు అదనంగా పోసి కాటా ఎంత చూపిందో ఒకసారి చూసుకుంటే మీ నిష్పత్తి మీకు దొరుకుతుంది. ఇంకొక జాగ్రత్త: ఈ పరీక్ష ముందు ఖాళీ గ్లైడరు మీద చేయండి. మరమ్మతు జరిగిన రెక్క, రంగు వేసిన రెక్క రెండోదానికంటే బరువుగా ఉండవచ్చు. ఆ అంకె తెలియకపోతే దాన్ని నీళ్ళ మీద రుద్దుతారు.

మొత్తం బరువుకు మాత్రం ఇది చెల్లదు. రెండు వైపులా పది పది లీటర్లు ఎక్కువ పోసినా కొన దగ్గర తూకం సున్నానే చూపిస్తుంది. మొత్తం తెలియాలంటే చక్రం కింద, తోక కింద కాటాలు పెట్టి తూచాలి, పోటీల్లో నిర్వాహకులు చేసేది అదే. అలాగే మొత్తం సరిగ్గా 525 వచ్చినంత మాత్రాన రెండు వైపులా సమానమని అర్థం కాదు. రెండు పరీక్షలూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు, ఒకటి చేసి రెండోది మానేయడానికి లేదు.

తోక ట్యాంకు ఉంటే దాని కొలత ఇంకా కచ్చితంగా ఉండాలి. రెక్కల నీళ్ళు చాలా గ్లైడర్లలో బరువు కేంద్రాన్ని ముందుకు జరుపుతాయి, తోకలో కొన్ని లీటర్లు పోసి దాన్ని వెనక్కు లాగుతారు. అది 4 మీటర్ల వెనక ఉంటుంది కాబట్టి అక్కడ ఒక లీటరు తప్పు చేసే పని రెక్కలో 40 లీటర్ల తప్పు చేయలేకపోవచ్చు. కొన్ని నమూనాల్లో నిలువు తోక పక్కన వరుసగా రంధ్రాలు ఉంటాయి. ఎన్ని లీటర్లు కావాలో అంతవరకు కింది రంధ్రాలకు టేపు వేస్తే, పై రంధ్రం నుంచి నీళ్ళు కారడమే కొలత. దానికి మీటరు వద్దు, గరాటూ చెంబూ చాలు. అయితే రెక్కల నీళ్ళు వదిలేసి తోకవి మిగిలిపోతే బరువు కేంద్రం ప్రమాదకరంగా వెనక్కు పోతుంది, గ్లైడరు స్పిన్‌లోకి, అంటే గింగిరాలు తిరుగుతూ పడడంలోకి, సులభంగా జారుతుంది, అందులోంచి బయటపడడం కష్టమవుతుంది. ఎగిరే ముందు తోక వాల్వు నిజంగా తెరుచుకుంటోందో నీళ్ళు కారడం చూసి నిర్ధారించుకోండి. చలికి ముందు గడ్డకట్టేవి కూడా ఆ తోక నీళ్ళే. జర్మనీలో వసంతకాలంలో గాలి సున్నా డిగ్రీలకు చల్లబడే ఎత్తు చాలా కిందనే ఉంటుంది, నీళ్ళు మంచుగా మారితే పరిమాణం 9 శాతం పెరుగుతుంది.

వేడి నీళ్ళు తేలికా అని చివర్లో అడిగారు. తేలికే, కానీ లెక్కలోకి రాదు. 20 డిగ్రీల దగ్గర లీటరు 0.998 కిలో, 40 డిగ్రీల దగ్గర 0.992. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత కాలుతుంటాయి, వాటితో నింపినా 150 లీటర్లకు తేడా కిలో, కిలోన్నర. దీనికంటే కారుడు మీద కన్ను పెట్టండి. వాల్వు నుంచి సెకనుకు ఒక చుక్క పడుతుంటే గంటకు 180 మిల్లీలీటర్లు, వదిలేయవచ్చు. సన్నని ధారగా పడుతూ నిమిషంలో ఒక టీ గ్లాసు నిండుతుంటే గంటకు 12 లీటర్లు పోయినట్టు. వరుసలో గంట నిలబడితే మీరు పొద్దున చేసిన తూకమంతా నేలపాలు. అందుకే కొన దగ్గరి పరీక్షను హ్యాంగరు దగ్గర ఒకసారి, వరుసలో మీ వంతు రావడానికి పది నిమిషాల ముందు మరొకసారి చేస్తాను.

రేపు నీళ్ళు నింపే ముందు మూడు అంకెలు రాసి పంపండి: ఖాళీ గ్లైడరుకు కొన దగ్గర వచ్చిన సగటు, 5 కిలోలు ఒక వైపు పోసినప్పుడు వచ్చిన సగటు, మీ కాటా 20 కిలోల బరువుకు చూపిన అంకె. వాటితో మీ గ్లైడరుకు సరిపోయే చిన్న పట్టిక వేసి ఇక్కడే పెడతాను, హ్యాంగరు తలుపుకు అంటించుకోవచ్చు.